తాటివనంలో ఒక రేక కల్లు

డాక్టరు చెప్పిన మాటలో అర్థం కానిదేమీ లేదు. "ఇంకొక్కసారి కల్లు ముట్టుకుంటే నా దగ్గరికి మళ్లీ తీసుకురావద్దు" అన్నాడు. చలికాలంలో మా ముసలాయనను వరంగల్ దవాఖానలో చేర్పించినప్పటి సంగతి. పొట్టలో నీళ్లు చేరాయి. కాళ్లు ఉబ్బాయి. కళ్లు పసుపు పూసినట్టు అయ్యాయి. కాలేయం సగం పోయిందన్నారు. ఎలాగో బతికి బయటపడ్డాడు.

అప్పటి నుంచి ఆయన కల్లు మానేశాడని చుట్టాలందరూ చెప్పుకుంటారు. ఆయన మానలేదు, నేను మాన్పించాను. మానిన మనిషి పక్కన పెళ్లాం నిద్రపోవచ్చు. మాన్పించిన మనిషికి మాత్రం కావలి ఉండాలి. వీధి చివరిదాకా వెళ్లొస్తానంటే నేనూ చెప్పులు వేసుకోవాలి. పెళ్లికి పోతే మగవాళ్ల బంతి పక్కనే నేనూ కూర్చోవాలి. చావు ఇంటికి పోతే మరీ కష్టం. మా దిక్కు చావుకు వచ్చినవాళ్లకు కల్లు పోయకుండా పంపరు. ఒక దినాల నాడు మగవాళ్ల గుంపులో ఆయనను ఆనుకుని కూర్చుంటే అందరూ నన్ను వింతగా చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. కానీ ఇంటికొచ్చాక మోకాళ్లు పట్టేసి, లేచి నీళ్లు ముంచుకోవడానికి కూడా ఒంట్లో సత్తువ లేకపోయింది. పొలంలో నాట్లు వేసిన రోజుల్లో కూడా అంత అలిసిపోలేదు నేను.

మేమిద్దరం ఇప్పుడు భూపాలపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాం. కొడుకుది చెల్పూర్ దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పని. మా సొంతూరు జనగామ దగ్గర. బిడ్డను మహబూబాబాద్‌లో ఇచ్చాం. మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. ఈ ఎండాకాలం సెలవుల్లో బిడ్డ, అల్లుడు ఇద్దరు పిల్లలను తీసుకుని కారులో వచ్చారు. వచ్చిన సాయంత్రమే అల్లుడు మొదలుపెట్టాడు.

"అత్తమ్మా, గిట్ల ఇంట్ల కూసోని కూసోని మామ మొఖం ఎట్లయిందో చూడు. రేపు ఆదివారమే గద. జనగామ దిక్కు తాటివనంకు పోదాం. ఇప్పుడు అందరు పిల్లజెల్లతోని పోతున్నరు."

"తాగుడుకు చావబోయినోన్ని తీస్కపోయి తాటివనంల కూసోబెడుతవా? నీకు తెలివున్నదా బిడ్డా?"

"కల్లు గాదు అత్తమ్మా, నీరా తాపుదాం. సున్నం పూసిన లొట్టిల పడుతరు. నిషా ఉండది. పిల్లలు గూడ తాగుతరు."

మంచం మీద నుంచి మా ముసలాయన "నీరానే తాగుత" అన్నాడు. బడికి పోతానని ఒప్పుకున్న పిల్లాడి గొంతు. ఆ గొంతు నాకు కొత్త కాదు. దాన్ని నమ్మి చాలాసార్లు మోసపోయాను.

బిడ్డ నా పక్కన కూర్చుంది. "అవ్వా, నువ్వు గూడ యాడికి పోతలేవు. నీ మొఖం గూడ జూసుకున్నవా అద్దంల?" అంది.

నేను ఒప్పుకున్నది ఆయన కోసం కాదు, అల్లుడి కోసం అంతకన్నా కాదు. నా ముఖం కూడా ఒకరు చూశారు కదా అని ఒప్పుకున్నాను. కొడుకుకు ఆ రోజు డ్యూటీ. కోడలు "కారుల నాకు జాగ లేదత్తమ్మా" అని నవ్వుతూ తప్పించుకుంది. రాత్రి పడుకునే ముందు ముసలాయనతో ఒక్కటే మాట అన్నాను. "కల్లు ముట్టుకున్నవో, ఈసారి దవాఖానకు నేను రాను." ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే బయలుదేరాం. చెల్పూర్ పొగగొట్టాలు దాటాం, పరకాల దాటాం. అల్లుడు ముందు సీట్లో మామను కూర్చోబెట్టాడు. వెనక నేను, బిడ్డ, ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, నాలుగో తరగతి. చిన్నవాడికి ఇంకా పళ్లు ఊడుతున్నాయి.

నేను అక్షరాలు దిద్దింది బిడ్డ పై చదువుకు పోయిన తర్వాత. అందుకని రోడ్డు మీద బోర్డు కనపడితే చదవకుండా ఉండలేను, గట్టిగా చదువుతాను. పిల్లలకు అది పెద్ద ఆట.

"అమ్మమ్మా, నువ్వు సదివేలోపట కారు దాటిపోతది!"

"మీ నాయినను జర మెల్లగ నడపమను. నాకేం తొందర లేదు."

జనగామ దగ్గరికి వచ్చేసరికి ఒకే రకం బోర్డులు వరుసగా కనిపించాయి. ఒకదాన్ని కూడబలుక్కుని చదివాను. 'స్వచ్ఛమైన తాటి కల్లు, నీరా, ముంజలు. కుటుంబంతో రండి.' మళ్లీ మొదటి నుంచి చదివాను. మా కాలంలో కుటుంబంతో తాటివనానికి ఎవరూ పోలేదు. కల్లే ఇంటికి వచ్చేది. కల్లు గీసేవాడు పొద్దున లొట్టి, అంటే కల్లు కుండ, భుజాన పెట్టుకుని వాకిట్లో నిలబడేవాడు. ఆడవాళ్లం గిన్నె పట్టుకుని పోయించుకునేవాళ్లం. ఇప్పుడు పట్నం నుంచి కార్లు కట్టుకుని వస్తున్నారు. మగవాళ్లు తాగుతుంటే ఆడవాళ్లు ఫొటోలు తీస్తారు, పిల్లలు ఉయ్యాల ఊగుతారు.

మేం వెళ్లిన వనం మా ఊరి శివారుదే. అల్లుడు కావాలనే అక్కడికి పట్టుకొచ్చాడు. మా ముసలాయన వయసులో ఉన్నప్పుడు తాగిన చెట్లు అక్కడే ఉన్నాయి. అప్పట్లో ఆయనకు ఒక చెట్టు వాడిక. అంటే ఆ చెట్టు కల్లు ముందుగా ఆయనకు పోసి, మిగిలితే వేరేవాళ్లకు పోసేవారు. గీసిన ముసలివాడు పోయాడు. ఇప్పుడు అతని కొడుకు గీస్తున్నాడు. అతనికీ తల నెరిసింది. చెట్ల కింద ఆకుపచ్చ నెట్ కట్టి, ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. రెండు చెట్ల మధ్య చీరతో ఉయ్యాల కట్టాడు. ఒక పక్కన ఎవరో పెట్టెలో పాటలు పెట్టుకుని కోడి కాలుస్తున్నారు.

కారు ఆగగానే ఆ గీసేవాడు గుర్తుపట్టి ఉరికొచ్చాడు.

"పటేలా! నువ్వేనా? పానం మంచిగలేదని విన్న. నడువు, నీ చెట్టు కాడికే నడువు."

మా ముసలాయన కారు దిగి ఆ చెట్టు వైపు చూశాడు. చలికాలం నుంచి ఆయన వీపు అంత నిటారుగా నిలబడటం నేను చూడలేదు. చూసి సంతోషించాల్సింది. కానీ నేను ముందు లొట్లు ఎక్కడున్నాయో చూశాను.

ఆయన్ను, అల్లుడిని ముందుకు పోనిచ్చి, గీసేవాణ్ణి నేను పక్కకు పిలిచాను.

"ఇగో తమ్ముడా, నీ కాళ్లు మొక్కుత. ఆయనకు నీరానే పొయ్యి. కల్లు చుక్క గూడ వద్దు. డాక్టర్ ఇగ బతకడన్నడు."

"అయ్యో అక్కా, గంత చెప్పాల్నా? నాకు ఎరుక లేదా?"

"ఎరుక గాదు. మాటియ్యి."

"ఇచ్చిన అక్కా" అన్నాడు. అని కిందికి చూశాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఎండకు కళ్లు మసకబారి పట్టించుకోలేదు.

పిల్లలు ముంజల మీద పడ్డారు. గీసేవాడు కత్తితో కాయ చెక్కి ఇస్తే బొటనవేలు పెట్టి లాగి పీల్చడం నేను చూపించాను. మనవరాలి గౌను ముందంతా తడిసింది. మనవడు ఒక గింజ మింగి, కడుపులో చెట్టు మొలుస్తుందా అని ఏడుపు మొదలుపెట్టాడు. "మొలిస్తే మంచిదే, మనకు కారెక్కి ఇంత దూరం వచ్చే పని తప్పుతది" అని వాడి తండ్రి నవ్వాడు. బిడ్డ చాప పరిచి, ఇంటి నుంచి తెచ్చిన బగారన్నం, కోడికూర, సర్వపిండి తీసింది. నేను చెట్టుకు ఆనుకుని కాళ్లు చాపాను. మంచిగానే ఉందే, ఊరికే భయపడ్డాను అనుకున్నాను. గాలికి తాటాకులు గలగలలాడుతుంటే రెప్పలు బరువెక్కాయి. కానీ మూయలేదు. మూస్తే ఎట్లా?

మధ్యాహ్నం కల్లు దించే వేళయింది. గీసేవాడు మోకుతాడు చెట్టుకు వేసి ఎక్కాడు. అందరం తలలెత్తి చూశాం. దిగివచ్చి రెండు లొట్లు నేల మీద పెట్టాడు, ఒకటి కల్లు, ఒకటి నీరా. లేత తాటాకు చీల్చి రేకలు మడిచాడు. మొదటి రేక మా ముసలాయన చేతిలో పెట్టాడు. రెండోది అల్లుడికి.

ఇక్కడ మా పద్ధతి కొంచెం చెప్పాలి. రేక అంటే దోసిలిలా మడిచిన ఆకు. గ్లాసులా దాన్ని కింద పెట్టడానికి ఉండదు. పట్టుకున్నవాడు తాగాలి, లేదా పారబోయాలి. తాగే ముందు ఎల్లమ్మ తల్లికి నాలుగు చుక్కలు నేల మీద పోయాలి. దాన్ని సాక అంటాం. సాక పోయనిది ఎవరూ నోట పెట్టరు. అందరికన్నా పెద్దవాడు సాక పోసి ముందు తాగాలి. ఆయన తాగేదాకా మిగతావాళ్లు రేక పట్టుకుని కూర్చుంటారు. మామ కన్నా ముందు అల్లుడు తాగడమనేది అసలే లేదు.

గీసేవాడు లొట్టి వంచి మా ముసలాయన రేకలో పోశాడు.

నీరా నీళ్లలా ఉంటుంది. నురగ రాదు. ఆయన రేకలో తెల్లని నురగ అంచుదాకా లేచింది. ఆ వాసన నా దాకా వచ్చింది. అది పండుతాటి కల్లు, నిషా ఎక్కేదే. నాకు గుర్తుపట్టడానికి డాక్టరు అక్కర్లేదు. ఆ వాసనతోనే ఆయనతో సంసారం చేశాను.

నేను గీసేవాడి ముఖం చూశాను. అతను నా వైపు చూడలేదు. నాకు మాట ఇచ్చింది నిజమే. కానీ తన తండ్రి ఏళ్ల తరబడి మొదటి రేక పోసిన పటేలుకు, ఆ పటేలు చెట్టు కిందనే, అల్లుడి ముందు, సున్నం నీళ్లు పోయడానికి అతనికి చెయ్యి రాలేదు. అతను చేసింది మోసం కాదు. మర్యాద చేశాడు. ఆ మర్యాద మా ముసలాయనను చంపుతుంది.

ముసలాయనకూ తెలిసింది. వాసన ముందు తగిలింది ఆయన ముక్కుకే. తల ఎత్తలేదు. రేకను రెండు చేతులతో పట్టుకుని నురగ వైపు చూస్తున్నాడు. ఇది నీరా కాదు అని ఆయన నోటి నుంచి ఒక్క మాట వస్తుందేమో అని ఎదురుచూశాను. రాలేదు. అల్లుడు తన నిండు రేక పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. అతనికేమీ తెలియదు. నేను అరిచి రేక లాక్కుంటే గీసేవాడికి అవమానం, అల్లుడి ముందు ఆయనకు అవమానం. లాక్కోకపోతే ఆయన పోతాడు. ఎంత అలిసిపోయానంటే, తాగితే తాగనీ, నాకీ బాధ తప్పుతుంది అని ఒక క్షణం అనిపించింది కూడా. అనిపించలేదని చెబితే అబద్ధం.

"సాక పోసినవా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. రేకను కొంచెం వంచి నాలుగు చుక్కలు నేల మీద పోశాడు.

"గంతేనా? సావు దాకా పోయి తిరిగొచ్చినవు. తల్లికి గా నాలుగు చుక్కలేనా? ఇంక పొయ్యి."

ఆయన నా వైపు చూశాడు. నేనూ కళ్లు తిప్పలేదు. ఇంకొంచెం పోశాడు.

"ఇంక పొయ్యి."

"ఏందే?"

"తల్లికి గద. నాకా? ఇంక పొయ్యి."

ఎర్రమట్టి కల్లు పీల్చింది. పిల్లలు ముంజలు వదిలి పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు ఇదో కొత్త ఆట. మనవరాలు చప్పట్లు కొట్టింది. "తాతా, ఇంక పొయ్యి! ఇంక పొయ్యి!" మనవడు వంగి చూసి, "చీమలు గూడ తాగుతున్నయ్ తాతా! జర గా చీమకు గూడ పొయ్యి!" అన్నాడు. పక్క చాప మీద కోడి కాల్చుకుంటున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. బిడ్డకు అప్పుడు అర్థమైంది. ఆమె చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది.

మా ముసలాయన రేకను నిలువుగా పట్టి మొత్తం పోసేశాడు. చివరి చుక్క ఆకు కొసన కాసేపు వేలాడింది. అదీ రాలింది. ఖాళీ రేకను నేల మీద పడేసి లేచాడు. కారు వైపు నడిచాడు. వచ్చినప్పటి నిటారు వీపు లేదు.

గీసేవాడు లొట్టి పట్టుకుని నిలబడిపోయాడు. "అక్కా, పటేలుకు సున్నం నీళ్లు పోసుడు నాతోని గాదు. మా నాయిన నన్ను..." అని ఆపేశాడు.

"నిన్ను నేనేమన్న అన్ననా? తల్లి తాగింది. పో, పిల్లలకు నీరా పొయ్యి" అన్నాను.

అల్లుడు తన రేకను చూసుకున్నాడు, మామ లేచిపోయిన చోటు చూశాడు. "మామ తాగకుండ నేనెట్ల తాగుత?" అని తనదీ నేల మీద గుమ్మరించాడు. "పొద్దుగాల్నుంచి కారు నడిపి ఇంత దూరమొస్తే, తాగింది చీమలు" అని గొణిగాడు. బిడ్డ మొగుడికి కోడికూర గిన్నె ఇచ్చింది, నోరు మూయించడానికి. నాకు నవ్వు రాలేదు. మోకాలు పట్టుకుని లేచి కారు దగ్గరికి నడిచాను. ఆ కొంచెం దూరం ఎంతసేపు నడిచానో నాకే తెలియదు.

ఆయన వెనక సీట్లో తలుపు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్లు బయట, మట్టిలో. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"మందిల ఇజ్జత్ తీసినవు" అన్నాడు.

"తీసిన."

"అల్లుని ముంగట. గా పిల్లల ముంగట. నా చెట్టు కింద."

"నువ్వే చెప్పరాదా ఇది నీరా కాదని? నోరెందుకు మూసుకున్నవు?"

ఆయన కాలి వేలితో మట్టిలో గీత గీశాడు. అవతల పిల్లలు నీరా తాగుతూ, తియ్యగా ఉందని, కాదు పుల్లగా ఉందని పోట్లాడుకుంటున్నారు.

"బతికి ఏం జేయాలె చెప్పు" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. "చేను లేదు. చెట్టు కాడికొస్తే చెట్టు నాకు లేదు. మంచం, గోడ, నువ్వు. గింతేనా?"

జవాబు తెలిసినట్టు నటించడానికి నాకు ఓపిక లేదు. పిల్లల పెళ్లిళ్లు చూడాలి, దేవుడున్నాడు అనే మాటలు చాలామంది చెబుతారు. నేను చెప్పలేదు.

"ఏమో. నాకు గూడ ఎరుక లేదు. అన్నం తిను, ఆకలైతలేదా?"

"కాలేదు."

"అయితే నేను గూడ తినను."

ఎండ కారు పైకప్పు మీద కొలిమిలా కాలుతోంది. బిడ్డ అక్కడి నుంచే పిలిచింది. "బాపూ, అవ్వా, అన్నం పెట్టిన, రాండ్రి!" నేను చెయ్యి ఊపాను. కదలలేదు. ఆయన నన్ను ఓరగా చూశాడు.

"నువ్వు పో. తినుపో. నేనీడ్నే ఉంట."

"వద్దులే."

"ఎందుకు? నా మీద పావురంతోని నిలవడ్డవా, కావలికా?"

పావురం అంటే మా దగ్గర ప్రేమ. ఇంకోనాడైతే అబద్ధం చెప్పి ఉండేదాన్ని. కానీ పొద్దున్నుంచీ నాలో అబద్ధానికి కూడా సత్తువ మిగల్లేదు.

"కావలికే" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. తర్వాత ఎక్కడో లోపల నుంచి, దగ్గుతో కలిసి, నవ్వు వచ్చింది. చలికాలం తర్వాత నేను విన్న మొదటి నవ్వు. అది ఆగడానికి చాలాసేపు పట్టింది. కళ్ల నీళ్లు తుడుచుకుని కాళ్లు లోపలికి తీసుకున్నాడు. సీట్లో అవతలికి జరిగాడు.

"కావలి కాసేటోళ్లు నిలవడి కాస్తరానే? కాళ్లు నొస్తయి. కూసో" అన్నాడు.

నేను ఎక్కి కూర్చున్నాను.